చెరువు తూము మూసేద్దామంటున్నారు. మీ ఊళ్లో ఏం చేశారు?

కార్వేటి కుర్రోడు (కార్వేటినగరం)

అందరికీ నమస్తే. ఈసారి ఈశాన్య వానలకు మా ఊరి చెరువు నిండి మొరవ (అలుగు) పారింది. ఆయకట్టు కాగితాల్లో 120 ఎకరాలకు పైనే ఉంది. వరి పెట్టేది మాత్రం తూము కింద ఉన్న కొద్ది కయ్యల్లోనే. మిగతాదంతా మామిడి తోపులు, కాస్త చెరుకు, కొత్తగా రాళ్లు పాతిన ఒక లేఅవుటు. తోపులన్నిటికీ బోర్లున్నాయి.

ఇప్పుడు ఊళ్లో పెద్దవాళ్లు కొత్త మాట ఎత్తారు. తూముకు కాంక్రీటు కొట్టి శాశ్వతంగా మూసేద్దాం, కాలువకు వదలకుండా నీళ్లు చెరువులోనే ఇంకనిద్దాం, బోర్లన్నీ బతుకుతాయి అంటున్నారు. వినడానికి బాగానే ఉంది. వరి పెట్టేవాళ్లు ససేమిరా అంటున్నారు, వాళ్లకు బోర్లు లేవు. ఆదివారం రచ్చబండ దగ్గర కూర్చుంటున్నారు. మీ ఊళ్లలో ఇలాంటి పంచాయితీ వస్తే ఎలా తేల్చుకున్నారో చెప్పండి.

బోరుబండి (మదనపల్లె)

మూసేయండి తమ్ముడూ, ఇందులో ఆలోచించేదేముంది. మా పక్క చెరువు కింద సేద్యం అనే మాటే మర్చిపోయారు. నేను రిగ్గు మీద పనిచేసినవాణ్ణి. ఒకప్పుడు 200 అడుగుల్లో నీళ్లు చిమ్మిన ఊళ్లలోనే తర్వాత వెయ్యి దాటి దించినా దుమ్ము తప్ప ఏమీ రాలేదు. చెరువు నిండిన ఏడాది మాత్రం కట్ట కింద బోర్లు మళ్లీ పోస్తాయి, అది కళ్లారా చూశా. కాలువలో వదిలే నీళ్లు సగం దారిలో కంపచెట్లే తాగుతాయి. అవే నీళ్లు బోరులోంచి తోడి డ్రిప్పులో పెడితే ఎంత నేల తడుస్తుందో మీరే లెక్క వేసుకోండి.

పాతకపిల (చంద్రగిరి)

అబ్బాయ్, ఆదివారం లోపల ఇది చదువు. కొంచెం పొడుగు.

నా చిన్నప్పుడు మా ఊళ్లో నీళ్లకు మూడు దారులు. చెరువు, స్వర్ణముఖి ఏటి ఇసుకలో తవ్వుకున్న ఊట కాలువ, ఎద్దులతో నీళ్లు తోడే కపిల బావి. వీటిలో కపిల ఒక్కటే ఎవరిది వాళ్లది. తెల్లవారక ముందే ఎద్దుల్ని కట్టి, పొద్దెక్కేదాకా ముందుకూ వెనక్కూ తోలినా తడిసేది కొద్ది నేలే. మిగతా రెండూ ఊరందరివీ. ఊట కాలువలో ఏటా ఇసుక తీయాలి. ఇంటికో మనిషి పార పట్టుకుని రావాలి, రానివాడు కూలి డబ్బు కట్టాలి.

చెరువుకు నీరుగంటి ఉండేవాడు. అప్పట్లో తూముకు ఈ చక్రం తిప్పే తలుపులు లేవు. చెరువు లోపల రెండు రాతి స్తంభాలు, వాటి మధ్య అడ్డరాళ్లు, ఆ రాళ్లలో రంధ్రం గుండా దిగిన పొడవాటి కర్ర, కర్ర అడుగున బిరడా. నీరుగంటి ఈదుకుంటూ వెళ్లి స్తంభం ఎక్కి, కర్రను పైకి లాగి, ఎంత వదలాలో అంతకు మేకు దూర్చి నిలిపేవాడు. కాలువ మీద ఎవరి కయ్యకు ఎంతసేపు అనేది అతని మాటే. మునసబు కయ్యైనా సరే, వంతు అయిపోతే పారతో మట్టి తీసి మడవ కట్టేసేవాడు. నీళ్లు తక్కువున్న ఏడాది ముందే కూర్చుని, ఈసారి ఇక్కడిదాకానే నాటు అని గీత గీసేవాళ్లు. కొన్ని ఊళ్లలో గీత కింద పడినవాళ్లకు ఆ ఒక్క పంటకి పైన కొంత కయ్య విడిచేవాళ్లు కూడా. నీరుగంటికి జీతం లేదు, కళ్లంలో అతని వాటా గింజలు, మేర అంటారు, కొలిచేవాళ్లు. చెరువు ఎండితే అతనికీ గింజలుండవు. అందుకే కట్టకు ఎలుక బొక్క పడినా ముందు అతనికే తెలిసేది.

అంతా ధర్మంగా నడిచేదని నేననను. నీరుగంటి ఏ వాడ మనిషో, ఆ వాడవాళ్ల కయ్యలు చాలా ఊళ్లలో కాలువ చివరే ఉండేవి. ఆ సంగతి దాచిపెట్టి పాత రోజులు బంగారం అనేవాళ్లతో నాకు పడదు.

తర్వాత ఒకదాని వెనక ఒకటి జరిగాయి. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. మంచిదే. కానీ నీరుగంటితో పని చేయించే మనిషి, అతనికి మేర ఇప్పించే మనిషి లేకుండా పోయారు. ఆ కాలంలోనే ఎన్టీఆర్ ప్రభుత్వం మోటార్లకు స్లాబ్ రేటు తెచ్చింది, హెచ్‌.పి.కి ఏడాదికి 50 రూపాయలు. రాత్రంతా ఆడినా అదే బిల్లు. బావిలో మోటారు దించినవాడు నీరుగంటి కోసం ఎందుకు ఎదురుచూస్తాడు? చెరువు పనికి పార పట్టుకుని ఎందుకు వస్తాడు? 2004లో ఉచిత కరెంటు వచ్చేనాటికే మా కట్ట మీద కంపచెట్లు మనిషెత్తు పెరిగాయి. ఇక స్వర్ణముఖి ఇసుక లారీలెక్కి పోయింది, ఊట కాలువ ఎక్కడుండేదో మా మనవళ్లకు చూపించడానికి కూడా ఆనవాలు లేదు.

తూము మూయాలన్నది కొత్త ఆలోచన కాదు నాయనా. నలభై ఏళ్లుగా జరుగుతున్నదానికి ఇప్పుడు కాంక్రీటు పోస్తామంటున్నారు, అంతే.

ఐరాల అక్క (ఐరాల)

పెద్దాయన బాగా చెప్పారు. ఒక్కటి కలపాలి. ఆ రోజుల్లో రాత్రి తడి కట్టడానికి పోయి పాము కరిచి పోయినవాళ్లు మా ఇంటి వెనకాలే ఉన్నారు. పగటి కరెంటు, డ్రిప్పు, ఫోన్‌తో ఆడించే స్టార్టర్ వచ్చాక ఆ భయం తగ్గింది. ఆడవాళ్లకు అయితే కలుపు పని సగానికి పడిపోయింది. కాబట్టి బోరును మరీ తిట్టకండి.

నీళ్లలెక్క (చిత్తూరు)

చిన్ననీటి పారుదలలో పనిచేసి రిటైరయ్యాను. కార్వేటి తమ్ముడు ముందు చెరువులో నీళ్లు తగ్గాక అడుగు ఒకసారి చూడాలి. ఏళ్ల తరబడి పూడిక తీయని చెరువుల్లో జిగురు మట్టి పొరగా పేరుకుంటుంది. దానిలోంచి నీరు ఇంకడం చాలా నెమ్మది. అలాంటి చెరువుకు తూము మూస్తే నీళ్లు బోర్లలోకి కాదు, ఎండలోకి పోతాయి.

ఇంకో సంగతి. మన నేల అడుగున ఉన్నది గ్రానైట్ జాతి గట్టి రాయి. నీళ్లు నిలిచేది పైన మెత్తబడిన రాతి పొరలో, దాని కింద పగుళ్లలో. చెరువు నీరు ముందు ఆ పై పొరకే చేరుతుంది, పాత బావులు ఊరేది దానివల్లే. 900 అడుగుల్లో తగిలే నీళ్లు ఏ పగులు వెంట ఎక్కడినుంచి వస్తాయో తవ్వినవాడికీ తెలియదు. కట్ట కిందే ఉన్న బావులకూ తక్కువ లోతు బోర్లకూ మేలు ఖాయం. దూరంగా తోపుల్లో ఉన్న లోతు బోర్లకు ఖాయమని మాత్రం నేను సంతకం పెట్టను.

బోరుబండి (మదనపల్లె)

సార్, అరచేతిలో టెంకాయ పెట్టుకుని పాయింట్ చూసేవాళ్లకు అన్నీ తెలుసు కదా! సరదాకి అన్నాను. తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చే బోరు బండ్లవాళ్లు కూడా చెప్పేది మీ మాటే. ఎంత లోతు పోతే అంత బిల్లు, నీళ్లకు గ్యారంటీ లేదు. అయినా జనం ఆగరు. పక్క చేనులో బోరు పడిందంటే రాత్రి నిద్ర పట్టదు.

నీళ్లలెక్క (చిత్తూరు)

అందుకే 2002లో వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం వచ్చింది. తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా తవ్వకూడదని అందులో ఉంది. ఎంతమంది అడిగి తవ్వారో మీకే తెలియాలి.

మామిడితోపు (బంగారుపాళ్యం)

తోపులవాళ్లందరినీ విలన్లను చేస్తున్నట్టున్నారు. మేం సరదాకి మామిడి పెట్టలేదు. మా నాన్న చెనిక్కాయ (వేరుశనగ) రైతు. జూన్, జులైలో వానకు విత్తేవాళ్లం, మధ్యమధ్య కంది, అనప, జొన్న సాళ్లు. సంక్రాంతికి పితకపప్పు మా చేనిదే, పశువులకు చెనిక్కట్టె మా చేనిదే. ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే చెట్టు పచ్చగానే ఉండేది, పీకితే కాయ ఉండేది కాదు. నారాయణి, ధరణి అని తిరుపతి పరిశోధన కేంద్రం మంచి విత్తనాలే ఇచ్చింది. విత్తనం ఏం చేస్తుంది? 1994లో పామాయిల్ దిగుమతికి గేట్లెత్తాక నూనె మిల్లులు మూతపడ్డాయి. కాయ ఒలిచే కూలీలు దొరకలేదు. మిగిలింది అడవి పందులు తిన్నాయి. మామిడికి అంత చాకిరీ లేదు, పిల్లలు బెంగళూరులో ఉన్నా తోపు నిలబడుతుంది. అందుకే అందరం గుజ్జుకు పోయే బెంగళూరా (తోతాపురి) మామిడి చెట్లే నాటాం.

అందరం ఒకటే నాటడం వల్ల ఏమైందో 2025లో చూశారు కదా. గుజ్జు ఫ్యాక్టరీలు నిరుటి నిల్వలే అమ్ముడుపోలేదన్నాయి. ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4, కిలోకు మొత్తం 12 అని ప్రకటన వచ్చింది. నేను కాయ తీసుకెళ్లిన ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ల వరస రోడ్డు దాకా. టార్పాలిన్ కింద చెయ్యి పెడితే ఆవిరి కొట్టేది, అడుగు కాయలు రసం కారి ట్రాలీ సందుల్లోంచి బొట్లు పడేవి. టోకెన్ ఉన్నా రోజుల తరబడి లోపలికి రానివ్వలేదు. మా వెనకవాడు తిరగ్గొట్టి వంకలో పారబోసి వెళ్లిపోయాడు. టమాటా రైతుకైతే పంట మార్చుకునే వీలుంది, మాది నలభై ఏళ్ల చెట్టు.

బోరుబండి (మదనపల్లె)

టమాటా సంగతి మా దగ్గర చెప్పకండన్నా. 2023 జులైలో మా మార్కెట్లో కిలో రెండొందలు తాకింది. అదే మార్కెట్ బయట గుట్టలుగా పారబోసిన ఏళ్లు ఎన్నో.

కుప్పం కుర్రాడు (కుప్పం)

ఈ చెరువుల గోల అంతా దేనికి? హంద్రీ నీవా కాలువ మా కుప్పం పక్క పరమసముద్రం దాకా వచ్చింది, 2025 ఆగస్టులో జలహారతి కూడా ఇచ్చారు. కృష్ణా నీళ్లు వస్తుంటే ఇంకా నీరుగంటి కథలా?

పలమనేరు పాలు (పలమనేరు)

శ్రీశైలం నుంచి 700 కిలోమీటర్లకు పైగా ఎత్తిపోసుకుంటూ వచ్చే నీళ్లు తమ్ముడూ. అవి వచ్చి నిలిచేది కూడా మళ్లీ చెరువుల్లోనే. చెరువు బాగుంటేనే కదా.

కుప్పం కుర్రాడు (కుప్పం)

తెచ్చింది ఎవరో ముందు చెప్పండి.

మోడరేటర్

ఎవరు తెచ్చారు, ఎవరు ఆపారు అనే చర్చకు రాజకీయాల విభాగం ఉంది. దీని కింద రాసిన మరో ఆరు వ్యాఖ్యలు అక్కడికి మార్చాను. తూము దగ్గరికి రండి.

పలమనేరు పాలు (పలమనేరు)

తూము గురించే. మా ఊళ్లో చెరువు పంచాయితీలో పాడి వాళ్ల మాట ఎవరూ అడగలేదు, మీరైనా అడగండి. ఒకప్పుడు చిత్తూరు సహకార డెయిరీకి పాలు పోసేవాళ్లం. అది 2002లో మూతపడింది, తర్వాత అంతా ప్రైవేటు వ్యానులే. ఫ్యాటూ, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే ఘనపదార్థం) మిషన్ ఎంత చెబితే అదే రేటు. వరిగడ్డి తినే నాటావులు పోయి జెర్సీలొచ్చాయి. వాటికి ఎండాకాలంలో కూడా పచ్చగడ్డి, తాగడానికి నీళ్లు కావాలి. తూము మట్టానికి కింద ఎప్పుడూ కొన్ని నీళ్లు మిగులుతాయి, ఆ నీళ్లే ఏప్రిల్‌లో పశువులకు దిక్కు. తూము తెరిచినా అవి పోవు. కాబట్టి తెరిస్తే చెరువు ఖాళీ అయిపోతుందని ఎవరైనా అంటే నమ్మొద్దు.

(మా పుంగనూరు ఆవు మాత్రం ఇప్పుడు నగరాల్లో ఇళ్ల హాల్లో తిరుగుతోంది. పుట్టిన ఊళ్లో వెతికినా కనపడదు.)

కౌలు సేద్యం (సత్యవేడు)

నాకు సొంత భూమి లేదు. బోరు వేసే హక్కు యజమానిది. డ్రిప్పు సబ్సిడీ చిన్న రైతుకు 90 శాతం అంటారు, దానికి పట్టా చూపించాలి. కౌలు కార్డుకు 2019 చట్టం ప్రకారం యజమాని ఒప్పుకోవాలి, అతను సంతకం పెడితే భూమి పోతుందేమోనని భయపడతాడు. చెరువు నీళ్లు ఒక్కటే పట్టా అడగకుండా నా కయ్యలోకి వచ్చేవి.

తూము మూసేస్తే నీళ్లు మిగులుతాయి అంటున్నారు. ఎవరికి మిగులుతాయి? భూమిలోకి దిగిన నీళ్లు మోటారు ఉన్నవాడివే.

కార్వేటి కుర్రోడు (కార్వేటినగరం)

అన్నా, ఈ మాట మా ఊళ్లో ఎవరూ ఇలా అనలేదు. వరి పెట్టేవాళ్లు కూడా మా తాతల నాటి హక్కు అంటున్నారే గానీ ఇది అనడం లేదు. ఐరాల అక్కా, మీ ఊళ్లో ఏం చేశారు?

ఐరాల అక్క (ఐరాల)

మాదీ మీలాంటి కథే. మావాళ్లు కాంక్రీటు కొట్టలేదు, తలుపు దించి తాళం వేశారు. బదులుగా ఒక ఒప్పందం రాసుకున్నారు. తూము కింద బోరు లేనివాళ్లకు దగ్గర్లో బోరున్న రైతు ఒక పంటకు తడులు ఇవ్వాలి, వాళ్లు వరి మానేసి రాగి, చెనిక్కాయ లాంటి ఆరుతడి పంటలు పెట్టుకోవాలి. మొదటి ఏడాది బాగానే నడిచింది. గెనిమల మీద పైపులు వేసి ఒకరి చేనులోంచి ఇంకొకరికి ఇచ్చుకున్నారు. మా పొదుపు సంఘం ఆడవాళ్లం కొంతమందిమి ఆ రాగులు కొన్నాం కూడా.

రెండో ఏడాది ఎండలకు బోర్లు తగ్గాయి. ఒకాయన మోటారు కాలిపోయింది. రివైండింగ్ ఖర్చులో సగం మీరు పెట్టండి అని తడులు తీసుకున్నవాళ్లను అడిగాడు. మా నీళ్లు చెరువులో ఆపుకున్నది మీరే కదా, ఖర్చు కూడా మేమేనా అని వాళ్లన్నారు. అక్కడితో ఒప్పందం చెడింది. ఇప్పుడు తాళం అలాగే ఉంది, తడులు లేవు. ఆ కయ్యల్లో ఇద్దరు టేకు నాటారు, మిగతావాళ్లు తిరుపతి పక్క కంపెనీల్లో పనికి పోతున్నారు.

నన్నడిగితే ఒప్పందం ఆలోచన తప్పు కాదు, బోరు చెడితే ఎవరు భరించాలో ముందే రాసుకోకపోవడం తప్పు.

పాతకపిల (చంద్రగిరి)

లక్ష్యం మంచిదే అమ్మా. కానీ బోరు ఒకడి సొత్తయ్యాక అతను ఇచ్చేది దయ, నువ్వు అడిగేది హక్కు. ఆ రెండూ ఒక కాగితం మీద ఎన్నాళ్లు నిలుస్తాయి?

ఇంకోటి మరిచాను. 2021 నవంబరు గుర్తుందా? రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు లీకు పడి, కింద ఊళ్లను ఖాళీ చేయించారు. ఇసుక మూటలు వేస్తూ రాత్రంతా కట్ట మీదే ఉన్నారు. అట్లాంటి వాన వచ్చిన రోజు చెరువు మట్టం దించాలంటే మొరవ కాకుండా మీకున్న దారి తూమొక్కటే. దానికి కాంక్రీటు కొడితే ఆ రాత్రి ఏం చేస్తారు?

మామిడితోపు (బంగారుపాళ్యం)

ఇది మాత్రం ఆలోచించాల్సిన మాట. మా పక్క 2015లో, 2021లో తెగిన చెరువులు చాలానే ఉన్నాయి. నేను తూము మూయమనే వాణ్ణే. కాంక్రీటు అయితే వద్దనే అంటాను.

బోరుబండి (మదనపల్లె)

సరే, తలుపు ఉంచండి. అయినా ముందు పూడిక తీయండి. ఆ మట్టి తోపులకు తోలుకుంటే ఎరువు ఖర్చు కూడా కలిసొస్తుంది. ట్రాక్టర్ బాడుగ తోపులవాళ్లే పెట్టుకుంటారు, వాళ్లకే లాభం కాబట్టి.

నీళ్లలెక్క (చిత్తూరు)

మట్టి తోలేటప్పుడు ఒకేచోట గుంత పెట్టనివ్వొద్దు, కట్ట అడుగుకు దగ్గరగా అసలే తవ్వనివ్వొద్దు. ఇటుక బట్టీలకు పోయే మట్టికి, తోపుకు పోయే మట్టికి తేడా ఎవరో ఒకరు కాపలా ఉండి చూడాలి. ప్రభుత్వం నీరు-చెట్టు పథకం కింద పూడిక తీయించిన రోజుల్లో మంచిగా తీసిన చెరువులూ చూశాను, గుంతలు పెట్టి వదిలేసినవీ చూశాను.

ఇక హక్కు సంగతి. 1997 నాటి సాగునీటి సంఘాల చట్టం ప్రకారం మీ చెరువుకు నీటి వినియోగదారుల సంఘం ఉండాలి. 2024 డిసెంబరులో ఎన్నికలు జరిగాయి. ఆయకట్టు రికార్డులో ఉన్నన్నాళ్లు తూముకు కాంక్రీటు కొట్టే అధికారం రచ్చబండకు లేదు. సంఘం తీర్మానం, డిపార్ట్‌మెంట్ అనుమతి కావాలి. మీ సంఘం అధ్యక్షుడు ఎవరు?

కార్వేటి కుర్రోడు (కార్వేటినగరం)

సార్, మూసేద్దామని మొదట అన్నదే ఆయన. తోపుల్లో పెద్దది ఆయనదే. ఎన్నిక ఏకగ్రీవం.

నీళ్లలెక్క (చిత్తూరు)

చాలా చోట్ల అంతే. అయితే ఆదివారానికి ముందు ఓటర్ల జాబితా తెప్పించి చూడండి. సభ్యత్వం భూమి రికార్డులో ఉన్నవాళ్లకు, రికార్డుకెక్కిన కౌలుదారుకు ఉంటుంది. వరి పెట్టేవాళ్లలో ఎంతమంది పేర్లు అందులో ఉన్నాయో దాన్నిబట్టి వాళ్ల మాటకు బలం. సొంత భూమి వాళ్లదేనా?

కార్వేటి కుర్రోడు (కార్వేటినగరం)

సగం మందిది సొంతం. మిగతావాళ్లు కౌలుకే చేస్తున్నారు, ఎవరికీ కార్డు లేదు. ఆ భూములవాళ్లు ఇద్దరు తిరుపతిలో, ఒకాయన చెన్నైలో ఉంటారు. ఓటు వాళ్లదే అన్నమాట. తిరుపతి వాళ్లలో ఒకరు మాకు వరసకు మామ అవుతారు. రేపు ఫోన్ చేసి ఆదివారం రమ్మని అడుగుతా. జాబితా ఏ ఆఫీసులో అడగాలి సార్?

నీళ్లలెక్క (చిత్తూరు)

మీ మండలం చూసే నీటిపారుదల ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) దగ్గర ఉంటుంది. కాగితం మీద రాసి, రసీదు తీసుకుని అడగండి.